యంత్రపు కొలువులో ముందువెనుకలు

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు మమ్ము అడిగినప్పుడు వారి మనస్సులో ఉన్నది చూలై చరిత్ర అని మాకు తెలియకపోలేదు. ఒకప్పుడు ఇటుకల బట్టీలుండినందున ఈ పేటకు చూలై అనే పేరు వచ్చినదనీ, మన పిల్లలు రోజూ బడికి నడిచిపోయే అవధానం పాపయ్య వీధి, హాలండు సోదరులనే దొరలవద్ద దుబాసీగా అధికారం చలాయించి 1792లో కుట్ర నేరం క్రింద విచారణ జరిగి శిక్షపడిన ఒక తెలుగువాని పేరు మోస్తున్నదనీ మన పెద్దలు చెప్పుకొంటూనే ఉన్నారు. అవి మాకంటె బాగా వ్రాయగలవారు సంఘంలో పలువురున్నారు. మేము మెట్రిక్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా కుదిరినవారము. మాకు చేతనైనదల్లా కంటి ఎదుట జరిగినదానిని పట్టుకొని దాని పూర్వాపరాలు వెదకుట. క్రిందటి ఉగాదికి ముందు మన సంఘం మేడగదిలో జరిగిన సంగతి మీలో కొందరికే తెలియును. దాని వెనుక ఏబది యేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నదని మాకు తరువాతనే తెలిసినది.

మేడగదిలో గోడవార బల్లమీద ఉన్న యంత్రాన్ని సర్వరు అంటారు. చూపునకు మామూలు కంప్యూటరే. సభ్యుల పట్టిక, నెలచందాల పద్దు, మరణ సహాయనిధి లెక్క, గ్రంథాలయ పుస్తకాల జాబితా, అన్నీ దానిలోనే ఉన్నవి. ఎక్కడెక్కడివో భాగాలు తెచ్చి దానిని కూర్చి పెట్టినవారు, రైల్వేలో టెలిఫోను తీగల పని చూచి విశ్రాంతి తీసుకొన్న ఒక పెద్దమనిషి. సంఘంలో చిన్నా పెద్దా అందరూ ఆయనను పెద్దమామ అనే పిలిచేవారు. ఇక్కడను అట్లే పిలుస్తాము. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆయన మోకాళ్ళు పట్టుకొని మేడ ఎక్కి, యంత్రం ముందు కుర్చీ వేసుకొని కొంతసేపు ఊరక కూర్చొని, తరువాత ఏదో రెండు ముక్కలు కొట్టి దిగివచ్చేవారు. ఎవరైనా అడిగితే "వాళ్ళను వరుసగా లేపాలబ్బాయ్" అనేవారు. ఆయన పోయిన తరువాత బల్లసొరుగులో ఒక నోటుపుస్తకం దొరికినది. మొదటి పుటలో పెద్ద అక్షరాలతో "దీపం నిలిచేదాకా ఉండు. తర్వాతే పద్దు." అని వ్రాసి ఉన్నది. ఆయన దైవభక్తి తెలిసినవారము గనుక దీపారాధన సంగతి కాబోలునని అనుకొన్నాము.

ప్రతిసారీ మేడ ఎక్కే శ్రమ ఎందుకని, యంత్రం లేవగానే పద్దు చూచే కార్యక్రమం కూడ తనంతట తానే లేచేటట్లు మార్చినవారము మేమే. నాలుగైదు నెలలు ఏ ఇబ్బందీ కలుగలేదు. ఉగాది పది రోజులున్నదనగా ఒక మధ్యాహ్నం కరెంటు తటాలున పోయి రెండు గంటలకు గాని రాలేదు. యంత్రం దానంతట అదే లేచినది. ఆ సాయంత్రం బల్లవద్ద కూర్చున్న అబ్బాయి పదకొండుగురి చందాలు పుచ్చుకొని రసీదులిచ్చినాడు. తరువాత ఒక సభ్యుని భార్య వచ్చినది. భర్త పోయి రెండు వారాలైనది. మరణ సహాయం కొరకు అర్జీ తెచ్చినది. అబ్బాయి పేరు వెదకి, మళ్ళీ వెదకి, "మీ పేరు పట్టికలో లేదమ్మా" అన్నాడు. ఆవిడ కోపగించలేదు. "ఇరవై ఏండ్లు కట్టినాము నాయనా. రసీదులన్నీ ఇంట్లో పెట్టెలో ఉండాయి" అని మాత్రం అని, మెట్లమీద కూర్చొన్నది. అప్పుడు అబ్బాయి పట్టిక మొత్తం తెరచి చూచినాడు. ఆ సాయంత్రపు పదకొండు పేర్లు తప్ప మరొక్కరి పేరూ దానిలో లేదు.

ఏమి జరిగినదో చెప్పుటకు ముందు, ఇటువంటి యంత్రం లోపల ఎవరెవరు కొలువు చేస్తారో, వారిని ఎవరు లేపుతారో చెప్పవలసి ఉన్నది.

యూనిక్సు అనగా యంత్రం పేరు కాదు, యంత్రాన్ని ఏలే యేర్పాటు పేరు. 1969లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, బెల్ టెలిఫోను కంపెనీవారి పరిశోధనశాలలో, కెన్ థాంప్సన్ అనే ఆయన పీడీపీ-7 అనే చిన్న యంత్రంమీద దీనిని ఆరంభించినాడు. డెనిస్ రిచీ ఆయనకు తోడైనాడు. మొదటి వివరణ గ్రంథం 1971 నవంబరులో వెలువడినది. ఇరవై యేండ్ల తరువాత, 1991లో, ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న లినస్ టోర్వాల్డ్స్ ఆ పోలికతోనే క్రొత్తగా వ్రాయ మొదలిడినది లినక్సు. మన మేడగదిలో ఉన్నది ఈ లినక్సే.

అటువంటి యంత్రంలో తెరమీద కనబడకుండ సదా మేలుకొని పనిచేసే కార్యక్రమాలు అనేకముంటవి. ఒకటి పద్దు చూచును, ఒకటి అచ్చుయంత్రానికి కాగితాలు పంపును, ఒకటి వాకిట నిలబడి వచ్చినవారిని లోపలికి విడుచును. వీటిని సర్వీసులంటారు, పాత పేరు డీమనులు. 1963 ప్రాంతాన అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయంలో పుట్టిన పేరిది. భౌతికశాస్త్రంలో మాక్స్‌వెల్ ఊహించిన, అణువులను వేరుచేస్తూ కూర్చొనే కనబడని చిన్న పనివానినుండి తీసుకొన్నారు. దయ్యమని అర్థం చెప్పుకొని భయపడనక్కరలేదు. మన ఇండ్లలో తెల్లవారకముందే లేచి కల్లాపి చల్లే ఇల్లాలి పని వంటిదే. జరిగినంతకాలం ఎవరికీ కనబడదు, జరగని నాడు అందరికీ కనబడుతుంది.

ఈ కొలువులందరినీ లేపే వానికి ఇనిట్ అని పేరు. యంత్రంలో మొట్టమొదట పుట్టేది అదే కనుక దాని వరుస సంఖ్య ఒకటి. తక్కినవన్నీ దాని సంతతి. కన్నవారు ముందుగా పోయి దిక్కులేనిదైన ప్రాసెసును సాధారణంగా ఈ ఒకటవ నంబరే తన బిడ్డగా చేర్చుకొంటుంది. ఏ గ్రంథంలో చదివినా ఈ వాక్యం దగ్గర మాకు కొంచెం ఆగాలనిపిస్తుంది.

ఆదిలో ఇనిట్ చేసే పని చాల సులువు. ఆర్‌సీ అనే పేరుగల ఒక కాగితాన్ని పైనుండి క్రిందికి చదివి, అందులో ఉన్న ఆజ్ఞలు ఆ వరుసలోనే నెరవేర్చేది. రన్ కమాండ్స్ అనే రెండు మాటల పొడి అక్షరాలే ఆర్‌సీ. కొలువులు నాలుగైదే గనుక కాగితం ఒకటి చాలినది. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంవారు పెంచిన శాఖలోను ఇదే పద్ధతి చాలకాలం సాగినది. దీనిలో కష్టమేమనగా, ఎవరు క్రొత్త కొలువును తెచ్చినా ఆ ఒక్క కాగితంలో చేయి పెట్టవలెను. ఒకరు చేసిన కొట్టివేత ఇంకొకరి నెత్తిమీదికి వచ్చును.

1983లో కంపెనీవారు సిస్టం ఫైవ్ అనే రూపాన్ని వెలువరించినారు. ఆ సంతతిలో స్థిరపడిన పద్ధతి అంకెల పద్ధతి. ప్రతి కొలువుకు విడిగా ఒక చిన్న కాగితం. దాని పేరుకు ముందు ఒక అక్షరం, రెండంకెలు. లేపవలసిన వానికి ఎస్ అక్షరం, పడుకోబెట్టవలసిన వానికి కే అక్షరం. ఎస్ 10 ముందు లేచును, ఎస్ 20 తరువాత లేచును. నడుమ ఎవరైనా క్రొత్తవాడు వస్తే దూర్చుటకు వీలుగా పది పది వదలిపెట్టేవారు. పంక్తిలో రావలసిన బంధువు కొరకు విస్తరి వేసి ఉంచినట్లు. దాదాపు పాతిక ముప్పై యేండ్లు ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లు ఈ అంకెలమీదనే లేచినవి.

అంకె వరుస చెప్పును గాని కారణం చెప్పదు. పద్దుకు 64 అని ఎందుకిచ్చినారు? దానికి ముందు ఎవరో ఉండి తీరవలెననియా, లేక ఆనాడు ఖాళీగా ఉన్న అంకె అదియేననియా? ఇచ్చినవాడు వెళ్ళిపోయిన తరువాత వచ్చినవానికి తెలియదు. ముందున్న డిస్కు లేవలేక చచ్చినా, అంకె వచ్చినది గనుక పద్దు లేచి కూర్చొనును. మన పెద్దలు ఎగతాళిగా అనే "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం" అన్న మాట ఇటువంటి కొలువులకే సరిపోవును. చూలై పేటవారము ఈ సామెతను ఎంత వాడుకొన్నా తప్పులేదు.

మా రైల్వేలో ఈ చిక్కును ఇంతకు నూరేండ్లకు పైగా ముందే ఇనుముతో విప్పినారు. దక్షిణాన మొదటి ప్రయాణీకుల రైలు రాయపురం నుండి వాలాజా రోడ్డుకు 1856 జూలై 1న నడచినది. ఇంగ్లండులో జాన్ శాక్స్‌బీ అనే ఆయన పట్టాల మలుపులను, సిగ్నళ్ళను ఒకదానితో ఒకటి ముడివేసి కదలించే ఏర్పాటుకు హక్కుపత్రం పొందినదీ ఆ సంవత్సరమే. దానిని పెంచి ఇంటర్‌లాకింగ్ అన్నారు. క్యాబినులో వరుసగా లీవర్లుంటవి. వాటి క్రింద గంట్లుపెట్టిన ఇనుప పట్టీలు అడ్డదిడ్డంగా జారుతుంటవి. మలుపు సరిగా పడి బిగిసిన తరువాత గాని ఆ మార్గపు సిగ్నలు లీవరు కదలదు. ఎంత బలం పెట్టి లాగినా రాదు. సిగ్నలు ఇచ్చి ఉండగా మలుపు లీవరు వెనుకకు పోదు. మన పేటకు కూతవేటు దూరంలోని బేసిన్ బ్రిడ్జివద్ద, సెంట్రలు నుండి వచ్చే మార్గాలు గూడూరు వైపుకు, అరక్కోణం వైపుకు చీలుతవి. అటువంటి చోట ఒక మనిషి జ్ఞాపకశక్తిని నమ్ముకొని బండ్లు నడుపుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. నేడు చాలచోట్ల లీవర్లు పోయి బొత్తాములు, తెరలు వచ్చినవి. సూత్రం మాత్రం అదే. "నీ అంకె ఎంత" అని అడుగదు. "నీకు ముందు కావలసినవాడు కుదిరినాడా" అని అడుగును.

యూనిక్సువారికి ఈ బుద్ధి తోచకపోలేదు. విచిత్రమేమనగా, ఆయుధం ఇంట్లో పెట్టుకొని చాలకాలం దానిని ఈ పనికి తీయలేదు. 1962లో ఆర్థర్ కాన్ అనే ఆయన పెద్ద పెద్ద పనుల వలలను వరుసలో పెట్టే ఉపాయాన్ని ఒక పత్రికలో ప్రకటించినాడు. ఉపాయం మా వంటివారికి కూడ అర్థమగును. ఎవరిమీదా ఆధారపడని వానిని మొదట తీసి వరుసలో నిలబెట్టు. వానిమీద ఆధారపడిన వారి చీటీలలో వాని పేరు కొట్టివేయి. అప్పుడు ఎవరి చీటీ ఖాళీ అయితే వానిని తరువాత నిలబెట్టు. ఇట్లు చేయగా చేయగా అందరూ వరుసకు వస్తే సరి. కొందరు మిగిలి, వారిలో ఒక్కని చీటీ కూడ ఖాళీ కాకపోతే, వారు ఒకరినొకరు పట్టుకొని కూర్చొన్నారని అర్థం. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితే గాని పిచ్చి కుదరదు. ఈ ముడిని ఏ యంత్రమూ తనంతట న్యాయంగా విప్పలేదు. నేటి ఏర్పాటు కూడ ఇటువంటి వలయం కనబడితే వారిలో ఒకని పనిని వదలివేసి, వదలినట్లు దినచర్యలో వ్రాసి ముందుకు పోవును. వదలినది ఏదో చదువుకొనవలసినది మనమే.

ఈ ఉపాయాన్ని చేసిపెట్టే టీసార్ట్ అనే చిన్న సాధనం 1979లో వచ్చిన ఏడవ కూర్పు యూనిక్సులోనే ఉన్నది. గ్రంథాలయాలలోని ముక్కలను సరియైన వరుసలో పేర్చుటకు వాడేవారు. అంతకు మూడేండ్ల ముందు, 1976లో, అదే బెల్ పరిశోధనశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ "ఇది కావలెనంటే ముందు అది కావలెను" అని వ్రాసిపెడితే దాని ప్రకారం కార్యక్రమాలను తయారుచేసే మేక్ అనే సాధనాన్ని చేసినాడు. ఇన్ని ఉండి కూడ, యంత్రం లేచేటప్పుడు కొలువుల వరుసను మాత్రం మనుష్యులు చేతి అంకెలతోనే వేస్తూ వచ్చినారు. పనివారు తమ పనిముట్లను తమ ఇంటి పనికి వాడుకోరన్నది ఏ వృత్తిలోనైనా చూడవచ్చును.

2000 డిసెంబరులో వెలువడిన నెట్‌బీఎస్‌డీ 1.5 అనే కూర్పులో అంకెలు పోయినవి. ప్రతి కొలువు తన కాగితం తలలో "నేను ఫలానా, నాకు ముందు ఫలానావాడు కావలెను" అని రెండు మూడు పంక్తులు వ్రాసుకొనును. యంత్రం లేచేటప్పుడు వాటినన్నిటిని చదివి వరుస తానే కట్టుకొనును. 2003లో ఫ్రీబీఎస్‌డీవారు దీనిని స్వీకరించినారు. మా దృష్టిలో ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు ఇదే. దీనిని గురించి చప్పుడు కాలేదు గనుక చాలమంది చెప్పుకోరు. వరుస తెలిసినవాని తలలో ఉండే జ్ఞానం, ఎవరికి అవసరమో వాని పేరుమీద కాగితంమీదికి దిగినది ఇక్కడనే.

ఆపైన త్వరత్వరగా మార్పులు వచ్చినవి. 2005 జనవరిలో సన్ కంపెనీవారి సొలారిస్ 10లో వచ్చిన ఏర్పాటు, కొలువులను లేపుటతో ఆగక కాపలా కూడ కాచేది. ఒకడు పడిపోతే లేపును. వానిమీద ఆధారపడినవారిని కూడ చూచుకొనును. "ఫలానావాడు ఎందుకు లేవలేదు" అని అడిగితే "వానికి ముందువాడు లేవలేదు గనుక" అని కారణం చెప్పును. కారణం చెప్పే యంత్రం ఎంత గొప్పదో, విచారణ కిటికీవద్ద నిలబడినవారికి తెలియును. ఆ ఏప్రిలులోనే ఆపిల్ కంపెనీవారు లాంచ్‌డీ అనేదానిని తెచ్చినారు. 2006 అక్టోబరులో ఉబుంటు అనే లినక్సులో అప్‌స్టార్ట్ వచ్చినది. 2010 ఏప్రిలులో లెన్నార్ట్ పోటరింగ్, కే సీవర్స్ అనే ఇద్దరి సిస్టమ్‌డీ ప్రకటితమైనది. 2011 మే నెలలో ఫెడోరా 15 దానిని స్వీకరించినది. 2014లో రెడ్‌హ్యాట్‌వారి ఏడవ కూర్పు, 2015లో డెబియన్ ఎనిమిదవ కూర్పు అదే త్రోవ పట్టినవి.

ఇది తగవు లేకుండ జరిగినదనుకొనరాదు. ఒక్కొక్కరు ఒక్క పనిని చక్కగా చేయవలెనన్నది యూనిక్సు పాత మర్యాద. ఒకటవ నంబరువాడు లేపుట, కాపలా, దినచర్య వ్రాయుట అన్నీ తన చేతిక్రింద పెట్టుకొనుట అన్యాయమని పలువురు వాదించినారు. డెబియన్ సంస్థలో 2014లో సాంకేతిక సంఘం ఓట్లు తీయవలసి వచ్చినది. ఒప్పుకోనివారు చీలిపోయి దెవువన్ అనే వేరు కూర్పు పెట్టుకొని 2017లో మొదటి ప్రతిని వెలువరించినారు. ఒకే దుబాసీ చేతిలోగుండ అన్ని వ్యవహారాలూ నడచిన కాలం ఏమైనదో పాపయ్య వీధి వారమైన మనకు తెలియును గనుక, ఆ వాదంలో పస లేదని మేమనలేము. అయినా రాత్రివేళ మేడగదిలో ఒంటరిగా నిలబడి "ఏమైనది?" అని అడిగినప్పుడు జవాబు ఇచ్చినది సిస్టమ్‌డీయే. ఉప్పు తిన్నవారము ఆ మాట చెప్పక తప్పదు.

ఇక అసలు సూక్ష్మం. మాకు నేర్చుకొనుటకు నెల పట్టినది. ఆధారపడుట అనేది ఒక మాటగా కనబడినా రెండు సంగతులు. "వాని తరువాత" అనుట ఒకటి, "వాడు కావలెను" అనుట ఇంకొకటి. ముందుబండి దాటిన తరువాత వెనుకబండి కదలవలెననుట వరుస. ముందుబండి ఆనాడు రద్దైతే వెనుకబండి ఆగదు. పెట్టెలకు ఇంజను కావలెననుట అవసరం. ఇంజను లేనినాడు పెట్టెలు కదలవు. సిస్టమ్‌డీలో మొదటిదానికి ఆఫ్టర్ అనియు, రెండవదానికి రిక్వైర్స్ అనియు పంక్తులు వేరువేరుగా వ్రాయవలెను. కావలెనని మాత్రం వ్రాసి తరువాత అని వ్రాయకపోతే ఇద్దరినీ ఒకేసారి లేపును. ఎవడు ముందు కన్ను తెరుస్తాడన్నది ఆనాటి అదృష్టం. తరువాత అని మాత్రం వ్రాస్తే, ముందువాడు లేవలేకపోయినా వెనుకవాడు లేచి కూర్చొనును. రెండూ వ్రాసినప్పుడే, ముందువాడు లేవలేకపోతే వెనుకవాడు పడుకొనే ఉండును. నిద్రపుచ్చేటప్పుడు ఈ వరుస తనంతట తలక్రిందులగును. చివర లేచినవాడు ముందు పడుకొనును. పెండ్లిపందిరి విప్పేటప్పుడు నిట్రాటను ఆఖరున పీకినట్లే.

లేచుట వేరు, సిద్ధమగుట వేరు. హోటలు తలుపు తీసినారని లోపలికి పోతే పొయ్యి రాజుకొని ఉండదు. అందుకని ఒక కొలువు "నేను సిద్ధం" అని ఒకటవ నంబరుకు కబురు పంపేదాకా వెనుకవారిని ఆపే ఏర్పాటు కూడ ఉన్నది. కొలువు లేవకముందే దాని కిటికీ తెరచి, వచ్చిన అర్జీలను పళ్ళెంలో పోగుచేసి ఉంచే ఉపాయం మరొకటి. మా కౌంటరులో దీనిని ఎవరైనా అమలుచేస్తే ప్రయాణీకులు సంతోషింతురు.

ఒక యంత్రం లోపల ఇదంతా ఒక పెద్దదిక్కు చూచుకొనును. ఊళ్ళ మధ్య ఆధారపడుట మొదలైతే పెద్దదిక్కు ఎవరూ ఉండరు. మా రిజర్వేషన్ల సంగతే చూడండి. కంప్యూటరు రిజర్వేషను 1985లో ఢిల్లీలో ప్రయోగంగా మొదలై, ఆ దశాబ్దం ముగియులోగా మద్రాసుకు కూడ వచ్చినది. కాని ఒక్కొక్క కేంద్రం తన లోకంలో తానుండేది. అన్నిటికి సరిపడే కాన్సర్ట్ అనే ఏర్పాటును 1994 సెప్టెంబరులో మొదట అమర్చినది మన సికింద్రాబాదులోనే. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు, ఈ ఐదు కేంద్రాలు ఒకదానితో ఒకటి ముడిపడినది 1999 ఏప్రిలులో. అప్పటికి మేము నిక్కరు తొడుగుకొనే వయస్సులో ఉన్నాము. తిరుగు ప్రయాణపు చీటీ కొరకు మా నాయన పడిన పాట్లు మాత్రం జ్ఞాపకమున్నవి. అది యూనిక్సు కాదు, వీఎంఎస్ అనే వేరొక ఏర్పాటు. కాని చిక్కు అదే. అవతలి ఊరి యంత్రం లేచినదో లేదో ఇవతలి ఒకటవ నంబరుకు తెలియదు. అటువంటిచోట ముందువెనుకలు ఎంత బాగా వ్రాసినా చాలదు. తలుపు తట్టి, పలుకకపోతే కొంత ఆగి, మళ్ళీ తట్టే ఓర్పు ప్రతి కొలువుకూ ఉండవలెను.

ఇప్పుడు మన మేడగదికి వద్దాము. ఆ రాత్రి మేమూ అబ్బాయీ కొత్త పట్టికలో పాత పేర్లు మళ్ళీ ఎక్కించుదామా అని ఆలోచిస్తూ ఉండగా, కంప్యూటరు శాస్త్రం చదువుతున్న మన సభ్యుని కుమార్తె ఒకతె వచ్చి, "ముట్టుకోకండి అన్నా, ముందు చదువుదాం" అన్నది. దినచర్య తెరచి చూపినది. పద్దు కార్యక్రమం యంత్రం లేచిన ఆరవ సెకనుకు లేచినది. పద్దులు అసలు ఉండేది వేరొక డిస్కుమీద. కరెంటు తటాలున పోయినందున ఆ డిస్కు తనను తాను పరీక్ష చేసుకొని, ముప్పై సెకనులు దాటిన తరువాత గాని తన చోటికి వచ్చి అతుక్కోలేదు. మునుపు పెద్దగా ఆలస్యం లేనందున మా తప్పు బయటపడలేదు. ఆనాడు పద్దు కార్యక్రమం లేచి, తన గది ఖాళీగా ఉండుట చూచి, క్రొత్త సంఘం కాబోలునని క్రొత్త పుస్తకం తెరచి కూర్చొన్నది. దాని తప్పు లేదు. డిస్కు కావలెనని దానికి ఎవరూ చెప్పలేదు.

ఆమె పద్దును ఆపి, డిస్కు చోటు చూచుకొని, మళ్ళీ లేపినది. పేర్లన్నీ వచ్చినవి. పోయినవాని పేరు, ఇరవై యేండ్ల చందాలు, క్రిందటి నెలదానితో సహా ఉన్నవి. ఆ సాయంత్రపు పదకొండు రసీదులు మాత్రం కనబడలేదు. అవి డిస్కు అతుక్కొన్న చోటు క్రింద, చాపక్రింద కాగితాలవలె ఉండిపోయినవి. డిస్కును తాత్కాలికంగా తొలగించి, వాటిని బయటికి తీసి, పెద్ద పుస్తకంలో ఎక్కించేసరికి రాత్రి పదకొండైనది. ఆవిడ అంతవరకు క్రిందిమెట్టుమీద కూర్చొనే ఉన్నది. వెళ్ళమన్నా వెళ్ళలేదు. పేరు కనబడినదని చెప్పినప్పుడు "ఉండాది గదా" అని మాత్రమన్నది. మరునాడు కార్యదర్శిగారు స్వయంగా వారి ఇంటికి వెళ్ళి పైకం అందజేసినారు. అబ్బాయి కూడ వెంట వెళ్ళినాడు.

మరమ్మతు ఒక్క పంక్తి. పద్దు కొలువు కాగితంలో రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అని వ్రాసి, ప్రక్కన పద్దులుండే చోటు పేరు పెట్టినది. ఆ చోటికి డిస్కు వచ్చి అతుక్కొన్న తరువాతనే లేవవలెను, రాకపోతే లేవనే రాదు అని దాని అర్థం. వరుస, అవసరం రెండూ దానిలో ఇమిడి ఉన్నవి. వ్రాసిన తరువాత యంత్రాన్ని నాలుగుసార్లు ఆపి లేపి చూచినాము. నాలుగవసారి డిస్కు తీగ ఊడబెరికి లేపినాము. పద్దు లేవలేదు. ఎందుకు లేవలేదని అడిగితే కారణం చెప్పినది.

డిస్కు పెట్టెకు ముందువైపు ఒక చిన్న ఎర్రదీపం ఉన్నది. డిస్కు పనిలో ఉన్నంతసేపు అది రెపరెపలాడుతుంది; పని ముగియగానే నిలిచి వెలుగుతుంది. తీగ తిరిగి తగిలించేటప్పుడు దానిని మొదట చూచినది ఆ అమ్మాయే. చూచి, సొరుగులోని నోటుపుస్తకం తీయమన్నది. తరువాత మళ్ళీ కుర్చీలో కూర్చొని, తాను వ్రాసిన పంక్తికి పైన, యంత్రం చదువక వదలివేసే గుర్తు పెట్టి, పెద్దమామ మాటలను తెలుగులో ఉన్నవి ఉన్నట్లు ఎక్కించినది: "దీపం నిలిచేదాకా ఉండు. తర్వాతే పద్దు."